గోపన్నకు గొలుసు వద్దనుకున్న ఏడాది

ఏనుగులకు కుటుంబ నియంత్రణ చేసిన డాక్టరునని తెలిస్తే తెనాలిలో ఎవరో ఒకరు నన్ను కూర్చోబెట్టి కాఫీ తెప్పిస్తారు. తరవాత ఏం అడుగుతారో నాకు తెలుసు. "మాత్రలాండీ, ఆపరేషనాండీ?" అంటారు. ఆపరేషనే అంటాను. నిచ్చెన వేసుకుని ఏనుగు లోపలికి దిగాలనీ, అలా దిగిన కాంపౌండరు ఒకడు ఇంతవరకూ పైకి రాలేదనీ, చెవి ఆనిస్తే ఇప్పటికీ అతని దగ్గు వినిపిస్తుందనీ చెబుతాను. సగం మంది నవ్వుతారు. మిగతా సగం మంది ఆ కాంపౌండరు పెళ్ళాం పిల్లల గతేమిటని అడుగుతారు.

ఇక్కడ ఆ ధోరణి కట్టిపెడతాను. భుజం సహకరించక యాభై దాటగానే ఉద్యోగం మానుకున్నవాణ్ణి. పశువైద్యం చదివి పెంపుడు ఏనుగుల దగ్గర పని చెయ్యాలనుకునే పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. వాళ్ళు మందు పేరు అడుగుతారు, మోతాదు అడుగుతారు. అవి ఎవరైనా చెబుతారు. మందు పట్టుకుని ఏనుగు దాకా వెళ్ళడానికి ముందు ఎందరు మనుషులను దాటాలో ఎవరూ చెప్పరు. అది చెబుదామని కూర్చున్నాను.

ముందు ఒళ్ళు సంగతి

మగ ఏనుగు వృషణాలు బయటికి కనిపించవు. కడుపు లోపల, మూత్రపిండాల దగ్గర ఉంటాయి. కోడెదూడకు చేసినట్టు దీనికి చెయ్యడం కుదరదు. అంత పెద్ద జంతువుకు మత్తిచ్చి, పొట్ట కోసి, మళ్ళీ లేపి నిలబెట్టడం ఎంతో అనుభవం, సరంజామా ఉన్నచోట కూడా ప్రాణాంతకమే. అందుకని కోత లేని దారులు వెతికారు.

మగదానికి వేసే టీకా చేసే పని సులువుగా చెప్పాలంటే ఇది. మెదడు నుంచి వృషణాలకు ఒక కబురు వెళుతూ ఉంటుంది. ఆ కబురు అందితేనే మగ హార్మోను తయారవుతుంది. టీకా వేస్తే ఒంట్లోని రక్షణ శక్తే ఆ కబురును దారిలో పట్టేస్తుంది. హార్మోను తగ్గుతుంది, సంతానం ఆగుతుంది, మదం రాకుండా పోతుంది, లేదా బాగా తగ్గి వస్తుంది. ఆడదానికి వేరే రకం టీకా ఉంది. దాని సంగతి ఇంకెవరైనా రాస్తారు.

మూడు విషయాలు గుర్తుంచుకోండి. మదం మొదలయ్యాక టీకా వేస్తే అప్పటికప్పుడు ఆగదు, ముందే వెయ్యాలి. ఒక్క సూదితో పని జరగదు. మొదటిది ఒంటికి పరిచయం చేస్తుంది, కొన్ని వారాలకు వేసే రెండోదే పని చేస్తుంది, తరవాత కూడా వేస్తూనే ఉండాలి. చివరిది అన్నిటికంటే ముఖ్యం. మదం వల్ల వచ్చే కోపాన్నే టీకా తగ్గిస్తుంది. దెబ్బలు తిని నేర్చుకున్న కోపాన్ని, కాలి పుండు వల్ల వచ్చే కోపాన్ని, నిలబడిన చోటే ఏళ్ళ తరబడి నిలబడినందుకు వచ్చే కోపాన్ని ఏ సూదీ తగ్గించదు. ఏళ్ళ తరబడి వాడి ఆపేస్తే ఆ మగ ఏనుగు మళ్ళీ పూర్తిగా మామూలవుతుందని కూడా ఎవరూ హామీ ఇవ్వలేరు. మీరు అలాంటి హామీ ఇవ్వకండి.

పరాంకుశం గారు

నాకు ఈ పని నేర్పిన పై అధికారి పరాంకుశం గారు. పదవీ విరమణ చేసి బాపట్లలో ఉండేవారు. మాట కటువు, చెయ్యి మెత్తన. కొత్తలో నేను ఏనుగుకు దూరం నుంచి తుపాకీతో మత్తు సూది కొట్టి, గురి తప్పలేదని గర్వపడితే ఆయన అన్నారు, "గోడకి మేకు కొట్టినా గురి తప్పదు నాయనా. వాడు నీ దగ్గరికొచ్చి ఒళ్ళు అప్పగించిన రోజు చెప్పు, వైద్యం చేశావని ఒప్పుకుంటా."

ఆయనతో కలిసి చూసిన ఒక కేసు నన్ను ఈ దారి పట్టించింది. ఊరి పేరు వద్దు. ఒకచోట ఆడ ఏనుగు చూలుతో ఉంది. ఆ యజమానులు సంబరపడి తోరణాలు కట్టారు. ఆ ఏనుగు పసితనంలోనే తల్లికి దూరమై ఒంటరిగా పెరిగింది. ఇంకో ఏనుగు ఈనడం ఏనాడూ చూడలేదు. నొప్పులు వచ్చినప్పుడు తన ఒంటికి ఏమవుతోందో దానికి తెలియలేదు. పిల్ల కిందపడగానే దాన్ని శత్రువనుకుంది. గొలుసులో ఉండి కూడా వెనక కాలితో తన్నింది. మేము పిల్లను లాగేసరికి ఆలస్యమైంది. తరవాత చాలాసేపు ఆ తల్లి తొండంతో పిల్ల పడిన చోట మట్టిని వాసన చూస్తూ ఉంది. పరాంకుశం గారు నావైపు చూడకుండా అన్నారు. "పుట్టించడం ఎవడైనా పుట్టిస్తాడు. పుట్టినదానికి చోటు ఉందా లేదా చూసేవాడే లేడు."

బాపట్ల వైపు వెళ్ళినప్పుడల్లా ఆయన్ని కలిసేవాణ్ణి. మా ఇద్దరి మధ్యా ఆ పిల్ల ప్రస్తావన మళ్ళీ రాలేదు.

గోపన్న, దేవదానం

రేపల్లె దాటి పెనుమూడి వంతెనకు ఇవతల, కృష్ణ ఒడ్డున ఒక మఠం ఉంది. అందులో రెండు ఏనుగులు. సీతాలు అనే ఆడ ఏనుగు ఎప్పటినుంచో ఉంది. గోపన్న దంతాలున్న మగ ఏనుగు, మూతబడిన సర్కస్ నుంచి వచ్చింది. దాంతోపాటు దాని మావటి దేవదానం కూడా వచ్చాడు. దేవదానం సొంతూరు చెరుకుపల్లి. లూథరన్ చర్చిలో డప్పు వాయించే వాళ్ళబ్బాయి, వయసులో ఉండగా సర్కస్ వెంట వెళ్ళిపోయి, దేశమంతా తిరిగి, ఏనుగుతో సహా సొంత గడ్డకు చేరాడు. ఆదివారం చర్చికి, మిగతా రోజులు మఠానికి. ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

గోపన్న కాలవలో దిగితే నీళ్ళు పొంగి చెరుకుపల్లి చేలన్నీ ఒక తడి తడిసేవని నేను వేమూరులో చెప్పి నమ్మించాను. అంత కాకపోయినా పెద్దదే. ఏటా మంచు పడే రోజుల్లో దానికి మదం వచ్చేది. కళ్ళకూ చెవులకూ మధ్య గ్రంథి ఉబ్బి నల్లటి ద్రవం కారేది. మూత్రం బొట్లు బొట్లుగా పడుతూనే ఉండేది. అప్పుడు అది దేవదానాన్ని కూడా గుర్తుపట్టేది కాదు.

మదం వచ్చిన ఏనుగును ఏం చేస్తారో మీకు పుస్తకాల్లో ఉండదు. నాలుగు కాళ్ళకూ గొలుసులు వేస్తారు. నీరసపడితే మదం త్వరగా దిగుతుందని మేత సగానికి తగ్గిస్తారు, నీళ్ళు కూడా కొలిచి పోస్తారు. రెండు మూడు నెలలు అది అక్కడే తింటుంది, అక్కడే విసర్జిస్తుంది, ఆ తడిలోనే నిలబడుతుంది. అరికాళ్ళు కుళ్ళుతాయి. మదం దిగాక ఇంకో తంతు. ఇన్నాళ్ళూ మనిషి మాట వినలేదు కాబట్టి భయం మళ్ళీ నేర్పాలంటారు. గొలుసులు విప్పకుండానే నలుగురైదుగురు కర్రలు పట్టుకుని, అది మోకాళ్ళ మీద కూలబడి మూలిగేదాకా కొడతారు. దీన్ని కట్టు దించడం అనేవాళ్ళు. మొదటి దెబ్బ సొంత మావటే వెయ్యాలి. తనను కొట్టే హక్కు ఎవరికుందో ఏనుగుకు అప్పుడే తెలుస్తుందట. ఈ ఆచారాన్ని నేను సమర్థించను. కానీ ఆ మనుషులను రాక్షసులని రాస్తే అబద్ధం అవుతుంది. భయపడని ఏనుగు పక్కన నిరాయుధంగా పడుకోవాల్సినవాళ్ళు వాళ్ళే.

నేను చెప్పబోయే ఏడాది, మదం ఇంకా దిగుతుండగా, కట్టు దించే ముందురోజు దేవదానం సహాయకుడు ఒకడు నీళ్ళ తొట్టి జరపడానికి దగ్గరికి వెళ్ళాడు. గోపన్న అతన్ని తొండంతో విసిరింది. అతని మెడ ఎముక విరిగింది, ప్రాణం దక్కింది. మఠం కమిటీ భయపడి నన్ను పిలిపించింది.

మూడు మీటింగులు

కమిటీ అధ్యక్షుడు శేషగిరిరావు గారు ఒకప్పుడు డ్రిల్లు మాస్టారు. ఊరంతా ఆయన్ని ఇప్పటికీ మాస్టారనే పిలుస్తారు. నిటారుగా కూర్చుని, ఎదుటివాళ్ళు కూడా నిటారుగా కూర్చునేదాకా మాట్లాడరు. మొదటి మీటింగులో రెండు ముక్కల్లో చెప్పారు. గోపన్నను ఎక్కడో దూరంగా ఉన్న సంరక్షణ కేంద్రానికి పంపించేయడం ఒక దారి. అక్కడ వాళ్ళ మావటులు వాళ్ళకుంటారు, దేవదానం అవసరం లేదు. ఏడాది పొడుగునా గొలుసులోనే ఉంచడం రెండో దారి. నేను మూడో దారి చెప్పాను. మదం పూర్తిగా దిగగానే టీకా మొదలుపెట్టి, వచ్చే ఏడాది మదమే రాకుండా చూడటం. గోపన్న, సీతాలు ఒకే ఆవరణలో తిరిగేలా చెయ్యడం. చుట్టూ ఇనుప ఊచలు, మనిషి ఎప్పుడూ ఊచలకు ఇవతలే.

"సంతానం కూడా ఆగిపోద్దంటారు," అన్నారు మాస్టారు.

"ఆగుతుందండి."

"మఠంలో గున్న పుడితే ఎంత శుభం డాక్టరుగారూ. జనం ఎదురుచూస్తన్నారు."

పరాంకుశం గారితో చూసిన కేసు మొత్తం చెప్పాను. సీతాలు తొలిచూలు వయసు దాటిందనీ, ఇప్పుడు చూలు కడితే దానికే ముప్పనీ చెప్పాను. పుట్టినది మగదైతే కొన్నేళ్ళకు ఇంకొక గోపన్న అవుతుందనీ, దాన్ని ఈ కాలవల మధ్య, వరి చేల మధ్య ఎక్కడ కడతారనీ అడిగాను. మాస్టారు వాయిదా వేశారు. రెండో మీటింగూ అలాగే ముగిసింది.

అడ్డుపడింది మాస్టారు కాదు, దేవదానం.

"వాడు దంతాల మగాడు సార్," అన్నాడు మూడో మీటింగులో, వసారా మెట్టు మీద కూర్చుని. "మదం వాడి మగతనం. దాన్ని పీకేస్తే ఎద్దు అవుతాడు. నాకు వాణ్ణి అలా చూడటం ఇష్టం లేదండి."

"గొలుసులో చూడటం ఇష్టమా?" అన్నాను.

"గొలుసు మూడు నెల్లు. తరవాత మొగోడేగా."

సరిగ్గా అప్పుడే దేవదానం భార్య కరుణమ్మ క్యారేజీ తీసుకుని వచ్చింది. చేలో కలుపు తీసి వచ్చినట్టుంది, కాళ్ళకు బురద ఆరలేదు. క్యారేజీ మెట్టు మీద పెట్టి వెళ్ళిపోకుండా నిలబడింది.

"మాస్టారండీ, ఒక మాట అడగొచ్చా?"

"అడగమ్మా."

"రెండో పిల్ల పుట్టిన నెల్లోనే నన్ను ఆపరేషన్ క్యాంపుకి తీసుకెళ్ళారండి. ఆటో ఎక్కించింది ఈయనే. నా కడుపు కోసేటప్పుడు ఏ కమిటీ కూర్చోలేదు. ఆడతనం పోద్దని ఎవరూ దిగులు పడలేదు. పొద్దున కోశారు, సాయంత్రం దించారు, మూడో రోజు నాట్లకెళ్ళాను. వీడికి సూదంట. కోత కూడా లేదంట. దానికి మూడు మీటింగులాండీ?"

కమిటీ సభ్యులిద్దరు తల వంచుకున్నారు. దేవదానం గొణిగాడు. "నీకూ వాడికీ పోలికేంటే?"

"పోలికేం లేదు. నన్ను కోసి వదిలేశారు. వాణ్ణి ఏటా కట్టి, కడుపు మాడ్చి కొడతన్నారు." ఆమె గొంతు పెంచలేదు. "కట్టు దించిన రోజు నువ్వు అన్నం తినవు. గోడవైపు తిరిగి పడుకుంటావు. నేను చూడలేదనుకున్నావా? ఇన్నేళ్ళూ వాడి మగతనం మనకి ఏం పెట్టిందయ్యా? వాడికైనా ఏం పెట్టింది?"

దేవదానం క్యారేజీ గిన్నెలు విప్పి మళ్ళీ బిగించాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చాలా ఉపన్యాసాలు ఇచ్చాను, బొమ్మలు గీసి చూపించాను. ఆ ప్రశ్నకు దీటైనది ఒక్కటీ నా దగ్గర లేదు. గర్భనిరోధం గురించి మగవాళ్ళ సభలో మాట్లాడబోయే ప్రతి కుర్ర డాక్టరూ ముందు తన ఇంట్లో ఆడవాళ్ళను అడిగి రావాలని నా సలహా.

దేవదానం నావైపు తిరిగాడు. "ఊచల ఇవతలే ఉండాలన్నారు. అంటే నేను వాడి మీద ఎక్కకూడదా?"

"ఎక్కకూడదు."

"ఏట్లో రుద్దటం?"

"పైపుతో పోస్తావు. ఊచల్లోంచి చెయ్యి పెట్టి, వాడు ఒళ్ళు ఆనిస్తే రుద్దుతావు."

"ఆనించకపోతే?"

"ఆ రోజుకి లేనట్టే."

అతను తల ఊపాడు. అది ఒప్పుకోవడమో, ఏదో వదులుకోవడమో నాకు తెలియలేదు. మాస్టారు తీర్పు చెప్పారు. "ఒక్క ఏడాది చూస్తాను. వచ్చే మంచు రోజులకి వీడికి మళ్ళీ మదం వచ్చిందంటే మాత్రం లారీ ఎక్కిస్తాను. దేవదానం, నువ్వప్పుడు నన్ను ఏమీ అనకూడదు."

"అననండి," అన్నాడు దేవదానం.

ఆ ఏడు కట్టు దించలేదు. అనుమతుల బాధలు మీరు పడినప్పుడు మీకే తెలుస్తాయి, అవి వదిలేస్తున్నాను.

మాస్టారి ఈల

ఊచలు దిగాయి. మధ్యలో నడుము ఎత్తులో ఒక అడ్డ కమ్మీ పెట్టించాం. గోపన్న వెనక్కి తిరిగి, వెనక కాలు ఆ కమ్మీ మీద పెట్టి, కదలకుండా నిలబడాలి. అప్పుడు తొడ కండలో సూది వెయ్యొచ్చు, అరికాలి పుండ్లు కడగొచ్చు. కర్ర లేదు, అంకుశం లేదు. చేసిన పని సరైనదైతే వెంటనే ఒక చప్పుడు, ఆ వెనకే తాటిబెల్లం ముక్కో, చెరకు గడో. చప్పుడు వినపడిందంటే తిండి ఖాయం. అదే ఒప్పందం.

చప్పుడు కోసం మాస్టారు తన పాత డ్రిల్లు ఈల తెచ్చి ఇచ్చారు. "ఎన్ని వందల మంది పిల్లల్ని నిలబెట్టిందో ఈ ఈల," అన్నారు. ఆయన కళ్ళలో మెరుపు చూసి కాదనలేకపోయాను.

గోపన్న నేర్చుకున్న వేగం చూసి నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళూ కర్రతో చెప్పినవన్నీ కర్ర లేకుండానే వాడికి అర్థమయ్యేవన్న మాట. మదం పూర్తిగా దిగింది, మేత నిండుగా పడుతోంది, అరికాళ్ళు మానుతున్నాయి. మొదటి సూది సునాయాసంగా అయిపోయింది. సూది దిగినప్పుడు ఒకసారి చెవులు విసిరి, బెల్లం కోసం తొండం చాచాడు. దేవదానం వాడితో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. "ఏరా, పెళ్ళికొడుకులా నిలబడ్డావు. డాక్టరుగారిని చూసి సిగ్గా?"

తరవాత నదీ స్నానాల పండగ వచ్చింది. ఒడ్డంతా జనం. వాళ్ళను అదుపు చెయ్యడానికి పోలీసులు వచ్చారు. పోలీసులంటే ఈలలు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, వంతెన మీద, రేవులో, మఠం గేటు దగ్గర ఈలలే ఈలలు. గోపన్న ప్రతి ఈలకూ కమ్మీ దగ్గరికి వచ్చి వెనక కాలు పెట్టాడు. పెట్టి, తొండం చాచి చూశాడు. తిండి లేదు. మళ్ళీ ఈల. మళ్ళీ కాలు. దేవదానం ఉన్న చెరకంతా పెట్టేశాడు, బెల్లం అయిపోయింది, ఈలలు ఆగలేదు. చివరికి తన కండువాతో ఏనుగు చెవి మూసేద్దామా అని ఆలోచించాడట. మధ్యాహ్నం దాటాక గోపన్న ఊచలకు వీపు తిప్పి, ఆవరణ చివర నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఇక ఈల వినబడినా రాలేదు.

మాస్టారు ఆ సాయంత్రం తన ఈలను జేబులో వేసుకుని అన్నారు. "నేను అబద్ధం చెప్పినట్టయింది వాడికి."

అవును. మీరు ఏ గుర్తు వాడినా, అది మీ నోటి నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రానిదై ఉండాలి. ఇది పుస్తకాల్లో లేదు. రాసినవాళ్ళ ఊళ్ళో తిరనాళ్ళు జరగవేమో. మేము ఈల మానేసి దేవదానం నాలుకతో చేసే 'టక్' అనే చప్పుడుకు మారాం. మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. గోపన్న దగ్గరికి వచ్చేవాడు, తినేవాడు, కాలు మాత్రం పెట్టేవాడు కాదు. ఈలోగా రెండో సూదికి గడువు దగ్గరపడింది. అది సమయానికి పడకపోతే మొదటిది వృథా. వృథా అయితే మంచు రోజులకు మదం. మదం వస్తే లారీ.

రెండో సూది

టీకా సీసాను ఐసు పెట్టెలో పెట్టుకుని తెనాలి నుంచి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి మాస్టారు, దేవదానం ఊచల దగ్గర ఉన్నారు. కరుణమ్మ చెరకు ముక్కలు కొడుతోంది. గోపన్న నీళ్ళ తొట్టి దగ్గర, మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.

దేవదానం పిలిచాడు. "గోపన్నా, రారా నాన్నా." చెవి కదిలింది, కాళ్ళు కదలలేదు. బెల్లం చూపించాడు, తొండం గాలిలో ఒకసారి లేచి దిగింది. అంతే. ఎండ ఎక్కింది. నేను పెట్టె మూత ఎత్తి చూసినప్పుడల్లా ఐసు తగ్గుతూ ఉంది.

మాస్టారు ఉగ్గబట్టుకోలేకపోయారు. "దేవదానం, అంకుశం ఎక్కడుంది? లోపలికి పోకు, ఊచల్లోంచి చూపించు చాలు. చూస్తేనే వస్తాడు."

అది నిజం. చూపిస్తే వచ్చేవాడు. పరుగెత్తుకు వచ్చేవాడు.

"చూపిస్తే వస్తాడండి మాస్టారండీ," అన్నాడు దేవదానం. "కానీ ఇక ఎప్పుడూ దాన్ని చూసే వస్తాడు."

"మరి లారీ సంగతి? నేను మాటిచ్చాను కమిటీకి."

"తెలుసండి." అతను బెల్లం ఉన్న చెయ్యి దించాడు. "వాడు పోతే నేనేం చేస్తానో నాకు తెలీదు. సర్కస్ నుంచి ఇద్దరం ఒకే లారీలో వచ్చాం. అయినా వద్దండి."

నా కారులో తుపాకీ ఉంది. దూరం నుంచి కొట్టొచ్చు. మందు మొత్తం దిగుతుందన్న భరోసా లేదు, అయినా దిగొచ్చు. ఈ మాట చెప్పాను. ఇలాంటిచోట డాక్టరు పంతానికి పోకూడదు. అవసరమైతే కొట్టాలి, ఏనుగు బతుకు మన సిద్ధాంతం కంటే పెద్దది. దేవదానం నా మొహం చూశాడు.

"ఒక్క రోజు గడువుంది," అన్నాను. "రేపు పొద్దున కూడా రాకపోతే తుపాకీయే. అందులో మాత్రం మార్పు లేదు."

"అట్టాగేనండి. నేనిక్కడే కూర్చుంటా," అని బకెట్టు బోర్లించి కూర్చున్నాడు. కరుణమ్మ కూడా కత్తిపీట పక్కన పెట్టి అతని పక్కనే నేల మీద కూర్చుంది. ఇద్దరూ గోపన్నను పిలవడం మానేసి, తమలో తాము పిల్ల చదువు గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

నేను కారెక్కాను. వేమూరులో ఆగి, పెట్టెలోకి ఐసు కొని నింపుతుంటే ఫోన్ మోగింది. మాస్టారు. గొంతు తగ్గించి, పరీక్ష హాల్లో మాట్లాడినట్టు మాట్లాడారు.

"వచ్చాడండి డాక్టరుగారూ. ఎవరూ పిలవలేదు. వీళ్ళిద్దరూ కబుర్లు చెప్పుకుంటుంటే వచ్చి, తిరిగి, కమ్మీ మీద కాలు పెట్టాడు. దేవదానం ఏడుస్తన్నాడు. వెనక్కి వచ్చేయండి."

ఆ దారిలో నేను కారు ఎంత వేగంగా నడిపానో ఎవరికీ చెప్పలేదు. తెనాలిలో ఈ కథ చెప్పినప్పుడు మాత్రం, నేను వేమూరు నుంచి వెనక్కి చేరేదాకా గోపన్న కాలు కమ్మీ మీద నుంచి దించలేదని చెబుతుంటాను. వినేవాళ్ళకు అదే ఇష్టం.

అది అబద్ధం. దించేశాడు. నేను వెళ్ళేసరికి తొట్టి దగ్గర నీళ్ళు తాగుతున్నాడు. దేవదానం 'టక్' అని కూడా అనలేదు. నేను సూది చేతిలోకి తీసుకుని ఊచల దగ్గర నిలబడ్డాను. గోపన్న నీళ్ళు తాగడం పూర్తి చేసి, మమ్మల్ని నలుగురినీ చూసి, మెల్లగా నడిచి వచ్చి, మళ్ళీ కాలు పెట్టాడు.